భీమునిపట్నపు పాత కాగితములు: పత్రాగారములను దర్శింపబోవు విద్యార్థులకు

గోస్తనీనది సముద్రమున గలియు చోట, కొండకును కెరటములకును నడుమ నొదిగియున్న మన భీమునిపట్నము చిన్న పట్టణమే. అయినను దీని పేరు హాలెండు దేశమున హేగు నగరమందలి జాతీయ పత్రాగారములో వ్రాయబడియున్నది. చెన్నపట్టణమున ఎగ్మూరునందలి రికార్డుశాలలోను వ్రాయబడియున్నది. మన యూరి సంగతులు తెలిసికొనుటకు మనము సముద్రములు దాటవలసి వచ్చుట వింతగా దోచును. ఆ కాగితములు ఎట్టివి? అంత దూరము ఏల పోయినవి? వానిని ఎవరు, ఎట్లు కాపాడుచున్నారు? వానిలో ఏమున్నది, ఏమి లేదు? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొని వెళ్లినయెడల పత్రాగారమునుగాని మ్యూజియమునుగాని చూచునపుడు మన కన్నులకు ఎక్కువ కనబడును.

పత్రాగారమన నేమి?

గ్రంథాలయము, మ్యూజియము, పత్రాగారము అను మూడును ఒకటిగా కొందరు తలంతురు. అవి ఒకటి కావు. గ్రంథాలయమందలి పుస్తకము పదిమంది చదువుటకై వ్రాయబడినది. దాని ప్రతులు వేలకొలది యుండును. ఒకటి చినిగిన మరియొకటి దొరకును. మ్యూజియమందలి వస్తువు చూచుటకై యుంచబడినది. పత్రాగారమందలి కాగితమో, ఎవరును చదివి ఆనందించుటకై వ్రాసినది కాదు. ఒక పని జరుగుటకై వ్రాసినది. ఉత్తరము, లెక్క, రసీదు, హుకుము, ఒడంబడిక, పటము మొదలైనవి అట్టివి. పని తీరిన తరువాత అవి దఫ్తరములో మిగిలిపోవును. సాధారణముగా ఒక్కటే ప్రతి యుండును. అది పోయిన, పోయినట్లే.

ఇందువలననే ఆ కాగితములకు విలువ. కథ చెప్పవలెనని కూర్చున్నవాడు తనకు నచ్చినట్లు చెప్పవచ్చును. కాని ఇన్ని బస్తాల బియ్యము ఓడకెక్కినవని వ్రాసిన గుమాస్తా, మూడువందల యేండ్ల తరువాత మనము చదువుదుమని ఎరుగడు. కావున అతడు ఎరుగకయే మనకు చరిత్ర చెప్పుచున్నాడు. అయినను అతడు ఎల్లప్పుడును నిజమే వ్రాసెనని నమ్మరాదు. పై యధికారిని మెప్పించుటకు లెక్కలు మార్చినవారు అన్ని కాలములలోను కలరు. అందుచేత ఒక కాగితమును మరియొక కాగితముతో సరిచూడవలెను.

పత్రాగారమున మరియొక నియమము కలదు. ఏ కచేరీనుండి కాగితములు వచ్చినవో, ఆ కచేరీవారు వానిని ఏ వరుసన నుంచిరో, ఆ వరుసను చెదరగొట్టకుండ నుంచుదురు. ఒక ఉత్తరము ముందు ఏ యుత్తరమున్నది, వెనుక ఏ జవాబున్నది యను సంగతివలననే దాని అర్థము తేటపడును. వరుస చెడిన కట్ట, ముత్యములు తెగి చెల్లాచెదరైన హారమువంటిది.

బైబిలు చదువువారికి ఈ సంగతి క్రొత్తది కాదు. యెరూషలేములో దేవాలయమును తిరిగి కట్టుచున్న యూదులకు ఎవరు సెలవిచ్చిరని అధికారులు అడిగినప్పుడు, వారు కోరెషు రాజు ఇచ్చిన యాజ్ఞను పేర్కొనిరి. దర్యావేషు రాజు ఆ యాజ్ఞకొరకు దస్తావేజుల కొట్టును వెదకించెను. వెదకుట బబులోనున మొదలుపెట్టిరి. దొరికినది మాదీయుల దేశమందలి వేరొక నగరులో. ఎజ్రా గ్రంథము ఆరవ అధ్యాయమున ఈ వృత్తాంతము కలదు. అక్కరలోనున్న ఒక చిన్న జనాంగమునకు ఖడ్గము చేయలేని సాయమును ఒక పాత పత్రము చేసెను. అది ఉండవలసిన చోట లేక మరియొక చోట నుండుటయు, ఓపికతో వెదకుటవలన దొరకుటయు మనము గమనింపదగిన విషయములు.

మన దేశపు పత్రాగారములు

మన దేశమున ప్రభుత్వపు పాత కాగితములను ఒకచోట చేర్చుటకై 1891 వ సంవత్సరము మార్చి 11 వ తేదీన కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు శాఖ యేర్పడెను. రాజధానిని ఢిల్లీకి మార్చుటకు 1911 లో నిశ్చయమైనది గనుక, ఆ శాఖకును అచట 1926 లో క్రొత్త భవనము సిద్ధమయ్యెను. ఆ భవనమునకు రూపకల్పన చేసినవాడు ఎడ్విన్ లుట్యెన్సు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దానికే భారత జాతీయ పత్రాగారమను పేరు కలిగెను. సామాన్యులు కూడ చూచుటకై అచట ఒక మ్యూజియము 1998 లో తెరవబడెను. 1931 లో గిల్గిటు ప్రాంతమున పశులకాపరులకు దొరికిన భూర్జపత్ర గ్రంథములలో అనేకము ఈ జాతీయ పత్రాగారముననే కలవు. అవి క్రీస్తుశకము అయిదారు శతాబ్దములనాటివి. చెట్టు పట్టపై వ్రాసిన అక్షరము పదునైదు వందల యేండ్లు నిలిచినదన్న, కాపాడువారుండిన ఏదియైనను నిలుచునని తెలియుచున్నది.

కేంద్రప్రభుత్వపు దస్తావేజులను రక్షించుటకు 1993 లో ఒక చట్టము చేయబడెను. అనుమతి లేక అట్టి దస్తావేజులను దేశము దాటించినను, నియమమునకు విరుద్ధముగ నాశనము చేసినను, అయిదు సంవత్సరములవరకు ఖైదుగాని, పదివేల రూపాయలవరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చునని అందున్నది. కాగితమును చింపుట అంత పెద్ద తప్పా యని బాలురు అడుగవచ్చును. ఒక పత్రము ఒకని భూమికి హక్కు, ఒకని సేవకు సాక్ష్యము, ఒక యూరికి జ్ఞాపకము కావచ్చును గనుక అది పెద్ద తప్పే.

దక్షిణాదిని చెన్నపట్టణపు రికార్డుశాల 1909 లో నెలకొల్పబడెను. అది నేడు తమిళనాడు పత్రాగారము. మన విశాఖపట్టణము జిల్లా 1953 వరకు ఆ రాజధానికే లోబడియుండెను గనుక, మన కలెక్టరు కచేరీనుండి పోయిన పూర్వపు కాగితములు అచటనే దొరకును. హైదరాబాదున తార్నాకయందలి పత్రాగారమున షాజహాను, ఔరంగజేబుల కాలమునాటి దక్కను కాగితములు మొదలుకొని నిజాముల దఫ్తరములవరకు కలవు.

డచ్చివారి కాగితములు

ఇప్పుడు మన యూరికి వత్తము. హాలెండు దేశపు వర్తకులు 1602 లో ఒక తూర్పు ఇండియా కంపెనీని స్థాపించిరి. వారు 1605 లో మచిలీపట్టణమునను, 1610 లో పులికాటునను కోఠీలు పెట్టిరి. ఆ శతాబ్దముననే భీమునిపట్నమునకును వచ్చిరి. ఇచట వారికి కావలసినది ముఖ్యముగా నూలుబట్ట. ఈ తీరపు సాలెవారు నేసిన బట్టలకు జావా, సుమత్రా మొదలగు దీవులలో గిరాకి యుండెను. ఆ దీవుల మిరియమును లవంగమును కొనుటకు డబ్బుకంటె మన బట్టయే ఎక్కువ చెల్లుబాటయ్యెను. అనగా ఈ ప్రాంతపు సాలెవాని మగ్గముమీద ఐరోపా వంటయింటి సుగంధద్రవ్యపు వ్యాపారము ఆధారపడియుండెను.

భీమునిపట్నపు కోఠీలోని అధికారి తన సంగతులను కోరమండల తీరపు ముఖ్యస్థానమునకు వ్రాయుచుండెను. ఆ ముఖ్యస్థానము మొదట పులికాటు, 1690 ప్రాంతమునుండి నాగపట్టణము. అచటినుండి వార్తలు జావాలోని బటేవియాకు, అనగా నేటి జకార్తాకు పోవుచుండెను. బటేవియానుండి హాలెండునకు పోవుచుండెను. ఓడ మునిగిన ఉత్తరము పోవును గనుక ముఖ్యమైన కాగితములకు నకళ్లు వ్రాయించి వేరు వేరు ఓడలలో పంపెడివారు. ఈ జాగ్రత్తవలననే ఆ కంపెనీ 1799 లో అంతరించినను దాని కాగితములు అంతరింపలేదు. హేగు, జకార్తా, కొలంబో, చెన్నపట్టణము, కేపుటవును అను అయిదు నగరములలో అవి నిలిచియున్నవి. మొత్తము రెండుకోట్ల యేబది లక్షల పుటలని లెక్క. యునెస్కో సంస్థవారు 2003 లో వీనిని ప్రపంచ జ్ఞాపకముల పట్టికలో చేర్చిరి. నేడు ఆ పాత డచ్చి చేవ్రాతను యంత్రములచేత చదివించుచున్నారు. పూర్వము పండితుడు నెలలకొలది కూర్చుండి వెదకిన పేరును ఇప్పుడు ఇంటినుండియే వెదకవచ్చును. ఢిల్లీ పత్రాగారమువారు సహితము 2015 నుండి అభిలేఖ్ పటల్ అను పేర తమ కాగితముల ప్రతిబింబములను అందరికిని అందించుచున్నారు.

ఐరోపాలో యుద్ధము రేగినప్పుడు 1795 లో ఈ తీరపు డచ్చి స్థావరములు ఆంగ్లేయుల వశమయ్యెను. 1818 లో అవి తిరిగి డచ్చివారికి ఇయ్యబడెను. తుదకు 1824 మార్చిలో లండనున జరిగిన సంధిప్రకారము 1825 లో భీమునిపట్నము శాశ్వతముగా ఆంగ్లేయులకు చేరెను. ఆ సంధిపత్రమున మన యూరివారి చేవ్రాలు లేదు. వారినెవ్వరును అడుగలేదు. ఊరు మాత్రము చేతులు మారెను.

కాగితములో లేనివారు

ఇచట మనము నిలిచి ఆలోచింపవలెను. ఆ కోట్లకొలది పుటలలో బట్ట ఎన్ని కట్టలో ఉన్నది, వెల ఎంతయో ఉన్నది, కొన్నవాని పేరు ఉన్నది. నేసినవాని పేరు సాధారణముగా లేదు. అంతకంటె దుఃఖకరమైన సంగతియు కలదు. పదునేడవ శతాబ్దమున కరవులును యుద్ధములును వచ్చినప్పుడు, కోరమండల తీరమున ఆకలికి తాళలేక తమ్మును తమ బిడ్డలను అమ్ముకొనినవారిని ఈ కంపెనీవారు కొని, ఓడలకెక్కించి, బటేవియాకును సింహళమునకును దాసులుగా పంపిరి. లెక్కలలో వారు తలల సంఖ్యలుగా నున్నారు. దేవుని యెదుట పేరుగల మనుష్యుడు గుమాస్తా పుస్తకములో ఒక అంకె యయ్యెను. తమ్మును క్రైస్తవులని చెప్పుకొనినవారే ఇట్లు చేసిరి గనుక, ఈ సంగతిని మిషను పాఠశాల పత్రికలో దాచక చెప్పుట మన విధి. పత్రాగారము గొప్పవారి గొప్పతనమునే కాక వారి యన్యాయమును గూడ భద్రపరచును. కాగితము మిగిలినందుననే కదా నేడు ఆ యన్యాయమునకు సాక్ష్యమున్నది.

రాళ్లును పేర్లును

కాగితము ఒక్కటే పత్రము కాదు. మన పట్టణమందలి డచ్చివారి శ్మశానమును చూడుడు. గోపురములవలె మొనదేరిన ఆ సమాధుల పలకలపై డచ్చి భాషలో పేర్లును తేదీలును చెక్కబడినవి. అలెగ్జాండరు రే అను పురాతత్త్వశాఖాధికారి మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడములను గూర్చి 1897 లో ఒక గ్రంథము ప్రకటించెను. ఉప్పుగాలికి చెక్కడపు అక్షరములు అరిగిపోవుచుండును. ఒకరు చూచి వ్రాసికొనినందువలన, ఱాయి మరచినదానిని కాగితము చెప్పగలదు. సింహాచలమున శ్రీకృష్ణదేవరాయల 1516 నాటి శాసనమున్నది. పావురాలకొండమీద బౌద్ధభిక్షువులు తొలిపించిన నీటితొట్లున్నవి. అవియు మన పత్రాగారపు పుటలే.

ఊరి పేర్లు కూడ అట్టివే. మచిలీపట్టణమున వలందపాలెమను పేట కలదు. పూర్వులు హాలెండువారిని వలందావారనిరి. అచటనే పరాసుపేట ఫ్రెంచివారిని, ఇంగ్లీషుపాలెము ఆంగ్లేయులను తలపించుచున్నవి. మన ప్రాంతపు గోగునార లోకపు వర్తకములో బిమిలి నార యను పేర చెల్లినది. పరదేశపు ఓడరేవులో మన యూరు తెలియనివాడును మన యూరి పేరు పలికెను.

తెలుగువారు చేర్చిన చరిత్ర

మన చరిత్రను పరదేశీయులే కాపాడిరని తలంపరాదు. కల్నలు కాలిన్ మెకంజీ దక్షిణదేశపు సర్వే అధికారిగా నుండి, ఊరూరి చరిత్రములను, శాసనములను, తాళపత్రములను చేర్పించెను. అతని కుడిచేయి కావలి వేంకట బొర్రయ్య యను తెలుగు యువకుడు. బొర్రయ్య చిన్నవయస్సుననే కాలధర్మము నొందగా, అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పని సాగించెను. గ్రామకరణములు, పెద్దలు చెప్పగా వ్రాసికొనిన ఆ గ్రామచరిత్రములకు కైఫీయతులని పేరు. మెకంజీ 1821 లో చనిపోయిన పిమ్మట ఆ సంపుటములు చెదరిపోవు స్థితి వచ్చెను. వానిలో తెలుగువానిని సి. పి. బ్రౌను దొర మరల నకళ్లు వ్రాయించి కాపాడెను. చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడి ఎవరు కట్టించిరి, ఏ కరవున ఊరు పాడయ్యెను అను సంగతులు వానిలో దొరకును. డచ్చి లెక్కలలో లేని ఊరి మాట ఇందు వినబడును.

మ్యూజియమును చూచు విధము

అందరును హేగునకు పోలేరు. విశాఖపట్టణమునకు పోగలరు. అచట సముద్రతీరపు రోడ్డుమీద పాత డచ్చి బంగళాలో 1991 లో తెరచిన విశాఖ మ్యూజియము కలదు. ఆయుధములు, నాణెములు, పటములు, తాళపత్రములు, ఇచట పూర్వము కాపురమున్న దొరల ఉత్తరములును దినచర్యలును అందున్నవి. 1942 ఏప్రిలు 6 వ తేదీన జపానువారు విశాఖపట్టణముపై వేసిన బాంబులలో ప్రేలని యొకదానిని కూడ అచట చూడవచ్చును.

పిల్లలు సామాన్యముగా గదినుండి గదికి పరుగెత్తి, బాంబును తాకి, బయటికి వత్తురు. అట్లు కాక, నాలుగు వస్తువులయెదుట మాత్రము నిలిచి, ఒక్కొక్కదానిని అయిదు ప్రశ్నలు అడుగుడు. దీనిని ఎవరు చేసిరి? ఎవరికొరకు చేసిరి? ఎప్పుడు? ఇది ఇచటికి ఎట్లు వచ్చెను? దీని ప్రక్కన ఉండవలసినది ఏది లేదు? కడపటి ప్రశ్నయే ముఖ్యము. బాంబు ఉన్నది, దానికి వెరచి ఊరు విడిచి పల్లెలకు పోయిన కుటుంబముల మాట ఎక్కడ? జమీందారుని పటమున్నది, అతని భూమి దున్నిన రైతు పటమెక్కడ? ఈ ప్రశ్న వేయ నేర్చినవాడు మ్యూజియమును నిజముగా చూచినవాడు.

కాగితమునకు శత్రువులు

మ్యూజియములో వెలుతురు మందముగా నుండుట చూచి విసుగుకొనకుడు. వెలుతురు సిరాను వెలవెలబార్చును, కాగితమును పసుపుబార్చును. అందుచేత పాత పత్రములయెదుట సుమారు 50 లక్సుల వెలుతురునకు మించనియ్యరు. అసలు పత్రమును చీకటి గదిలో నుంచి నకలునే చూపుటయు కలదు.

రెండవ శత్రువు సిరాయే. పూర్వపు సిరాను మాచికాయతోను అన్నభేదితోను చేసెడివారు. అది నల్లగా నిలుచునుగాని, దానియందలి పులుసు కాలక్రమమున కాగితమును తినివేయును. అక్షరమున్న చోట అక్షరపు రూపముననే రంధ్రము పడుట డచ్చి కాగితములలో తరచుగ చూచెదరు. ఆ పులుసును విరుచుటకు సున్నపు తేటవంటి క్షారద్రవములలో కాగితమును ముంచి, ఆరబెట్టి, పలుచని పొరకాగితమును అంటింతురు. మూడవ శత్రువు సముద్రతీరపు చెమ్మ. దానివలన బూజు పట్టును. నాలుగవది చెద. తాటియాకుపై గంటముతో గీసిన అక్షరము సిరాకంటె చిరకాలము నిలుచును. అయినను చెదపురుగు శాస్త్రమును శాస్త్రమని యెంచదు.

అయిదవ శత్రువు అన్నిటికంటె ప్రబలమైనది. అది మన అజాగ్రత్త. చెద తిన్నదానికంటె, పనికిరాదని పాతకాగితముల బేరగానికి తూచి యిచ్చినది ఎక్కువ.

మన చేతిలోనున్న పత్రాగారము

విశాఖపట్టణమునకు 1805 లో వచ్చిన జార్జి క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజ్ అను లండను మిషనరీలు ఆనందరాయరు సాయముతో సువార్తలను తెలుగున వ్రాయ నారంభించిరి. మొదటి మూడు సువార్తలు 1812 లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. ఆ మిషను వారి ఉత్తరములు లండను విశ్వవిద్యాలయమునకు చేరిన ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయమున భద్రముగా నున్నవి. కాని వారి మాట విని విశ్వసించిన తెలుగువారి పేర్లు ఎచట నుండవలెను? మన సంఘపు బాప్తిస్మపు పుస్తకములలోను, వివాహపు పుస్తకములలోను, మన పాఠశాలల ప్రవేశపు రిజిస్టరులలోను. ఎన్నియో బీద కుటుంబములలో ఒకని పేరు మొట్టమొదట కాగితమున కెక్కినది ఇట్టి రిజిస్టరుననే. వారికి తామ్రశాసనము లేదు, జమీందారీ సన్నదు లేదు. ఒక ఉపాధ్యాయుడు సిరాలో ముంచిన కలముతో వ్రాసిన ఆ యొక్క పంక్తియే వారి శాసనము. పింఛను కొరకో, వయస్సు రుజువు కొరకో, పూర్వవిద్యార్థులు ముదుసలులై వచ్చి ఆ పంక్తిని వెదకించుకొనుట ఉపాధ్యాయులందరు ఎరిగినదే. అది దొరకినప్పుడు వారి ముఖమున కలుగు కాంతిని చూచినవారు పత్రాగారపు ప్రయోజనమును వేరుగా అడుగరు.

కావున తలిదండ్రులకును, సంఘపెద్దలకును, విద్యార్థులకును నా మనవి యిది. పాత పుస్తకములను నేలమీదను, గోడ కానించియు ఉంచకుడు. గాలి తగులు బీరువాలో పెట్టుడు. సంవత్సరమునకు రెండుమారులు తీసి, దుమ్ము దులిపి, పుట పుటయు చూడుడు. చినిగినచోట జిగురుబిళ్ల అంటింపకుడు. అది కొన్నాళ్లకు కాగితమును మరకచేసి చెరచును. ఇనుప గుండుసూదులను తీసివేయుడు, అవి త్రుప్పుపట్టి తినును. ప్రతి పుటకును ఛాయాచిత్రము తీసి రెండు చోట్ల భద్రపరచుడు. డచ్చివారు తమ సరకుకొరకు చేసిన జాగ్రత్తను మనము మన మనుష్యులకొరకు చేయలేమా?

విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో ఒక పని చేయుడు. మీ యింటిలోని అవ్వనో తాతనో అడిగి, వారి తలిదండ్రుల పేర్లు, వారి ఊరు, వారి వృత్తి, వారు చూచిన తుపానులు, కరవులు ఒక నోటుపుస్తకమున వ్రాయుడు. చెప్పినవారి పేరును, వ్రాసిన తేదీని క్రింద వేయుడు. కావలి సోదరులు ఊరూర చేసినది ఇదియే. అవ్వ వేలిముద్ర మాత్రమే వేయనేర్చినదైనను ఆమె మాట మీ చేవ్రాతలో నిలుచును. బట్ట నేసినవారి పేర్లు డచ్చి గుమాస్తా వ్రాయలేదు. వల విసరినవారి పేర్లును, నార తీసినవారి పేర్లును, ఈ పట్టణపు వీధులు ఊడ్చినవారి పేర్లును వ్రాయుటకు ఇప్పుడు కలము మీ చేతిలోనున్నది.